ఎడారిలో కొబ్బరిచెట్లు

‘భూతల స్వర్గం’ అనే మాటను నా ఉద్యోగ జీవితంలో పదకొండు ఊళ్ళకు వాడాను. వాటిలో తొమ్మిది కొండల మీద ఉన్నాయి, ఒకటి సముద్రం ఒడ్డున ఉంది, మిగిలిన ఒక్కటి ఎక్కడుందో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఆ పదకొండు స్వర్గాల్లో ఒక్కదాన్ని కూడా నేను చూసిన పాపాన పోలేదు.

మా అత్తాపూర్ అపార్టుమెంటులో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు లిఫ్టులో కనబడి, “అంకుల్, మీరు టూరిజంలో చేశారట కదా, ఇండియా అంతా తిరిగేసుంటారు” అంటుంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. ఊరుకోవడంలో నాకు సుదీర్ఘమైన అనుభవం ఉంది. ఉద్యోగంలో చేరినవాళ్ళకు పెద్దవాళ్ళు తమ విజయాలు చెప్పుకుంటారు. నాకు చెప్పుకోదగ్గ విజయాలు లేవు కనుక ఆ ఊరుకున్న సంగతే చెబుతాను.

మాది యాత్రల కంపెనీ. వేసవి వస్తే కాశ్మీరు, దసరాకు రాజస్థాన్, చలికాలంలో కేరళ. వంటవాడు, గ్యాసుపొయ్యి, ఆవకాయ జాడీ బస్సుతోపాటే వెళతాయి. మంచుకొండ ముందు నిలబడి కూడా మనవాళ్ళు మొదట అడిగేది, “పెరుగన్నం ఉందా అండీ?” అనే. నా పని కరపత్రాలు రాయడం. ఏ ఊళ్ళో ఏముంది, ఎందుకు చూడాలి, చూడకపోతే జన్మ ఎలా వృథా అవుతుంది అన్నవి అందమైన తెలుగులో రాయాలి. సీజన్‌లో ఆఫీసు వదిలి కదలడానికి వీల్లేదు. సీజన్ కాకపోతే అక్కడ హోటళ్ళు తెరవరు. పైగా బస్సు కర్నూలు దాటితే నాకు కడుపులో తిప్పుతుంది. అందుకని కుర్చీలో కూర్చునే రాశాను.

ఎలా రాశావని అడుగుతారేమో. పాత కరపత్రాలు చూసి రాశాను. గోడ క్యాలెండర్లు చూసి రాశాను. వెళ్ళొచ్చినవాళ్ళు ఆల్బములు తెచ్చి చూపిస్తే, ఫొటోలో వాళ్ళావిడ వెనక కాస్త కనబడిన గోపురాన్ని బట్టి రాశాను. మరీ అవసరమైతే పక్క కంపెనీవాళ్ళ కరపత్రంలోంచి ఎత్తి రాశాను. వాళ్ళు మా దాంట్లోంచి ఎత్తి రాసేవాళ్ళు. మేమూ వాళ్ళూ కలిసి ఇలా చాలా ఏళ్ళపాటు దేశాన్ని నిలబెట్టాం.

ఒకసారి ప్రెస్సువాడు గుమ్మంలో నిలబడి తొందర పెడుతున్నాడు. రాజస్థాన్ పేజీ ఖాళీగా ఉంది. కేరళ పేజీ తీసుకుని, ‘పడవలు’ అన్నచోట ‘ఒంటెలు’ అని, ‘అలలు’ అన్నచోట ‘ఇసుక తిన్నెలు’ అని మార్చి ఇచ్చేశాను. ఒక వాక్యం మాత్రం నా కళ్ళు తప్పించుకుంది. “ఎడారి పల్లెలో కొబ్బరిచెట్ల నీడన లేత కొబ్బరినీళ్ళతో మీకు స్వాగతం” అని అచ్చయింది. చూసుకుని నాలుక కరుచుకున్నాను. ఫిర్యాదులు వస్తాయని వారం రోజులు ఫోను ఎత్తాలంటే భయం వేసింది. ఒక్కరూ అడగలేదు. పైగా యాత్ర ముగించుకుని వచ్చిన ఒక పెద్దమనిషి, మా అత్తాపూర్ ఆయనే, ఆఫీసుకొచ్చి మరీ చెప్పాడు: “అన్నీ బాగున్నాయండీ. కొబ్బరినీళ్ళు మాత్రం అమృతం.” దాంతో ఆ వాక్యాన్ని ఏటేటా అలాగే ఉంచేశాను.

ఉద్యోగం చివరి అంకంలో మా కంపెనీ పెద్దాయన తప్పుకుని, ఆయన కొడుకు ఎండీ అయ్యాడు. ఉత్తరాదిలో చదువుకుని వచ్చాడు, హిందీ గడగడా మాట్లాడతాడు. ‘ఎక్స్‌పీరియెన్స్’ అనే మాట లేకుండా వాక్యం పూర్తి చేయలేడు. “జనాన్ని దేశం చుట్టూ తిప్పడం పాత పద్ధతి అంకుల్. దేశాన్నే తెచ్చి ఒకచోట పెడదాం” అన్నాడు. శంషాబాద్ విమానాశ్రయంలో దిగి, ఇంకో విమానం కోసం గంటల తరబడి కాచుకుని కూర్చునే ప్రయాణికులున్నారు. వాళ్ళను బస్సెక్కించి తీసుకొచ్చి, భారతదేశమంతా చూపించి, మళ్ళీ విమానం టైముకు దింపేయాలి. తుక్కుగూడ దాటాక శ్రీశైలం రోడ్డు నుంచి లోపలికి వెళితే కొంత భూమి తీసుకుని ఒక పార్కు మొదలుపెట్టాడు. గేటు మీద పెద్ద అక్షరాలు పెట్టించాడు: ‘ఆరు గంటల్లో అఖిల భారతం.’

నన్ను దానికి మేనేజరును చేశాడు. దేశం గురించి నాకంటే ఎక్కువ తెలిసినవాడు కంపెనీలో లేడని అందరి నమ్మకం. నాకూ కొంచెం అలాగే అనిపించింది.

కట్టినవాళ్ళు దేన్ని చూసి కట్టారంటారా? నా కరపత్రాల్ని చూసే. కాశ్మీరు ఒక ఏసీ హాలు. మంచు థర్మోకోల్ పూసలు. అవి జనం జుట్టుకు అంటుకుని మళ్ళీ విమానాశ్రయం దాకా వెళ్ళేవి. హిమాలయం అంటే పునాదుల్లో తవ్వి తీసిన బండరాళ్ళకు సున్నం కొట్టిన గుట్ట. దాని మీద కూర్చుని మౌనధ్యానం చేయాలి. ప్రతి కొద్ది నిమిషాలకూ నెత్తిమీదుగా ఒక విమానం దిగేది. ఈశాన్యంలోని ఎనిమిది రాష్ట్రాలకు కలిపి ఒక్క వెదురు గుడిసె. కోస్తా అని నేను పట్టుబట్టి ఒక పచ్చళ్ళ కొట్టు పెట్టించుకున్నాను. తెలంగాణ ఏదీ అని అడిగితే ఎండీ, “గేటు బయట ఉందిగా అంకుల్” అన్నాడు.

పడవలకు ఒకటే సిమెంటు తొట్టి. పొద్దున అది కాశ్మీరు సరస్సు, మధ్యాహ్నం కేరళ కాలువ. పడవ నడిపే మనిషి కూడా ఒక్కడే. గగన్‌పహాడ్‌లో అతను పనిచేసే ఫ్యాక్టరీ మూతపడితే ఇక్కడ చేరాడు. పొద్దున పొడుగు అంగీ వేసుకునేవాడు, మధ్యాహ్నం తెల్ల లుంగీ కట్టేవాడు. “సారు, నాకు ఈత రాదు, జర ఎవ్వరికీ చెప్పకుండ్రి” అన్నాడు మొదటిరోజే. తొట్టి లోతు మోకాలి దాకానే కదా అని నేను ధైర్యం చెప్పాను.

ఇక ఎడారి. లారీల్లో ఇసుక తెచ్చి పోశారు, మట్టి గుడిసె కట్టారు, ఒక ఒంటెను తెచ్చారు. ఒకరోజు పొద్దున్నే వెళ్ళేసరికి పెద్ద లారీలో వేళ్ళతో సహా కొబ్బరిచెట్లు దిగుతున్నాయి. వాటిని నడి ఎడారిలో గుంటలు తీసి నాటుతున్నారు. డిజైనరు చేతిలో నా కరపత్రం ఉంది. ఆ పాత వాక్యం వాళ్ళకు దొరికిపోయింది. అయినా నోరు మెదపలేదు. చెబితే, మరి ఇన్నేళ్ళూ ఎలా రాశావని అడుగుతారు. “కొంచెం దగ్గర దగ్గరగా నాటండి, నీడ బాగుంటుంది” అని మాత్రం అన్నాను.

ఆ గుడిసెలో రొట్టెలు చేయడానికి పక్క పల్లె నుంచి ఒకావిడ చేరింది. నలభై దాటి ఉంటుంది. ఆ ఇసుక పోసిన చోటే మొన్నటిదాకా వాళ్ళు కౌలుకు జొన్న వేసుకున్నారట. భూమి యజమాని అమ్మేసుకున్నాడు, వీళ్ళ కౌలు పోయింది. భర్త ఏదో గోదాములో కాపలా పని. కూతురు డిగ్రీ చదువుతోంది. ఆవిడకు రాజస్థాన్ లంగా, మోచేతుల పైదాకా ప్లాస్టిక్ గాజులు తొడిగి, పొయ్యి ముందు కూర్చోబెట్టాం. సజ్జరొట్టెలు చేయాలని నియమం. ఆవిడ ఇంటి దగ్గర్నుంచి జొన్నపిండి తెచ్చి జొన్నరొట్టెలే చేసేది. రంగు కాస్త తేడా అంతే, ఎవరు పట్టించుకుంటారని నేనూ వదిలేశాను.

చేరిన రోజునే ఆవిడ తలెత్తి చెట్ల వంక చూసి, “ఏంది సారు, ఎడార్ల కొబ్బరిచెట్లు గూడ ఉంటయా?” అని అడిగింది. డిజైనరు, ఎండీ, కంపెనీ అంతా కలిసి అడగని ప్రశ్న అది.

“ఒయాసిస్సులని ఉంటాయమ్మా” అన్నాను.

“అట్లనా” అంది. నమ్మలేదని తెలుస్తూనే ఉంది.

అక్కడ పనిచేసేవాళ్ళందరూ రోజుకూలీలు. బయట రాష్ట్రాల నుంచి యాత్రల ఏజెంట్ల బృందం ఒకటి చూడటానికి వస్తోందని, వాళ్ళు తమ ప్రయాణికుల్ని మా దగ్గరకు పంపడానికి ఒప్పుకుంటే అందరికీ పర్మినెంటు కార్డులు ఇస్తానని ఎండీ మాటిచ్చాడు. ఆ రొట్టెల ఆవిడకు ఆ కార్డే లోకం. నడిచి వెళ్ళి వచ్చేంత దూరంలో పని, నెల నెలా జీతం, కూతురి చదువు మధ్యలో ఆగకుండా ఒక ఆధారం. నా ఎదురుగా నిలబడి, “సారు, ఈ కార్డొస్తే మా పిల్ల డిగ్రీ అయినంక ఇంకా సదువుత అన్నా నేను వద్దనను” అంది. నాకప్పటికి రిటైర్మెంటు మూడు నెలల్లోకి వచ్చింది.

బృందం వస్తే మనవాళ్ళు తెల్లమొహం వేయకూడదని, ఒక్కొక్కరికి ఒక కాగితం రాసిచ్చాను. నువ్వెవరు, నీ ఊరేది, అతిథి వస్తే ఏమనాలి అని, హిందీ మాటలు తెలుగు లిపిలో. నాకు హిందీ ఆటోవాడితో మాట్లాడేంత మాత్రం వచ్చు. మిగతాది నిఘంటువు చూసి కూర్చాను. రొట్టెల ఆవిడకు సొంతూరు కావాలి కదా. ఇసుకకు హిందీ మాటేమిటో వెతికి, దానికి ‘పూర్’ అని తగిలించి, ఒక ఊరు పుట్టించాను. ఇన్నేళ్ళు ఉన్న ఊళ్ళ గురించి రాసినవాణ్ణి, లేని ఊరు రాయడం నాకు కష్టమనిపించలేదు.

ఆవిడ కాగితాన్ని కూతురితో చదివించుకుని మర్నాడు వచ్చింది. “సారు, ఏమనుకోకుండ్రి. గిట్ల ఎవ్వరనరు. ‘ఆయియే, బైఠియే’ అంటే సాలు. గీ పెద్ద మాటలు అంటే నవ్వుతరు.”

శంషాబాద్ అంగట్లో కూరగాయలు అమ్మి అమ్మి ఆవిడకు ఉర్దూ కలిసిన హిందీ నీళ్ళు తాగినంత తేలిగ్గా వచ్చేసింది. నేనేమో మేనేజర్ని. నాకు ఎక్కడో చురుక్కుమంది. “రాసింది రాసినట్టు చెప్పమ్మా, అది గ్రంథ భాష” అన్నాను.

“సరే. గా ఊరు మాత్రం నిజంగున్నదా సారు?”

“ఉంటుంది. అంత పెద్ద ఎడారిలో ఉండకుండా ఎలా ఉంటుంది?”

బృందం వచ్చింది. విమానం దిగినవాళ్ళను దిగినట్టే తెచ్చేశారు, చెప్పిన టైముకంటే ముందే. మన మంచు చూసి వాళ్ళు మర్యాదగా తలలూపారు. తర్వాత కాశ్మీరు పడవ ఎక్కించి, అటునుంచి అటే కేరళకు దాటించాలి. అతిథులు తొందరగా దిగేసరికి పడవ మనిషికి వేషం మార్చే వ్యవధి దొరకలేదు. పైన కాశ్మీరు అంగీతో, కింద కేరళ లుంగీతో అందరికీ చేతులు జోడించాడు. ఒకాయన ఫొటో తీసుకున్నాడు. జాతీయ సమైక్యత అనుకున్నాడో ఏమో, అతని భుజం కూడా తట్టాడు.

బృందంలో తెల్లజుట్టు పెద్దావిడ ఒకరున్నారు. నిజంగానే ఆ ఎడారి ప్రాంతంలో పుట్టి పెరిగి, అక్కడే యాత్రల వ్యాపారం చేస్తున్నారని ముందే చెప్పారు నాకు. ఎడారిలోకి అడుగు పెట్టగానే ఆవిడ తలెత్తి చూసింది. ఒక కొబ్బరిచెట్టు, ఇంకో కొబ్బరిచెట్టు, మూడో కొబ్బరిచెట్టు. నడుం మీద చేతులేసుకుని పగలబడి నవ్వింది. ఎండీ మొహం మాడిపోయింది. నా వైపు తిరిగి, “ఇదేంటి అంకుల్?” అన్నాడు.

“ఒయాసిస్సు అండీ” అన్నాను. రెండోసారి చెప్పేసరికి నాకే అనుమానం వచ్చింది.

అప్పటికే పెద్దావిడ గుడిసెలో పొయ్యి ముందు నేలమీద కూర్చుంది. రొట్టెల ఆవిడ పెనం మీంచి ఒకటి తీసి ఇచ్చింది. పెద్దావిడ తుంచి నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నమిలింది. జొన్న అని కనిపెట్టినట్టుంది, ‘జ్వార్’ అనే మాట వినిపించింది. ఇంకోటి ఇమ్మని చెయ్యి చాచింది. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతలో పెద్దావిడ అడిగింది: “కౌన్ సా గావ్?”

ఏ ఊరు అన్న ఆ ప్రశ్న నాకు అర్థమైంది, నేను రాసిందే కనుక. రొట్టెల ఆవిడ ఒక్క క్షణం నా వంక చూసింది. తర్వాత నేను పుట్టించిన ఊరి పేరు చెప్పింది, అక్షరం తప్పకుండా.

పెద్దావిడ చేతిలో ముక్క ఆగిపోయింది. గబగబా ఏదో అడిగింది. ఏ తాలూకా, ఎవరింటివాళ్ళు, ఇలాంటివే అయి ఉండాలి. రొట్టెల ఆవిడ పెనం మీది రొట్టె తిప్పింది. నా కాగితం అక్కడితో అయిపోయింది. ఎండీ ముందుకు వచ్చాడు. అతనికి అన్నీ అర్థమవుతున్నాయి. “అంకుల్, అలాంటి ఊరు వాళ్ళ ప్రాంతంలో లేనే లేదంటోంది. ఈమెకు ఎవరు చెప్పారిది?” అని అరుస్తుండగానే అతని ఫోను మోగింది. అది అతను ఎత్తక తప్పని ఫోను. పక్కకు వెళ్ళాడు.

అతను మాట్లాడుతున్నంతసేపూ ఆడవాళ్ళిద్దరూ పొయ్యి దగ్గర మాట్లాడుకున్నారు. నేను నాలుగడుగుల దూరంలోనే నిలబడ్డాను. ఒక్క ముక్క అంతుపట్టలేదు. పెద్దావిడ యాసలో ఏదో అంటుంది, ఈవిడ అంతే వేగంతో బదులు చెబుతుంది. మధ్యలో పెద్దావిడ నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసింది. ఈవిడా చూసింది. ఇద్దరి పెదవుల మీదా నవ్వు. నన్ను తిడుతున్నారని తెలిసిపోయింది. నా చేతిరాతతో ఉన్న ఆ కాగితం ఆవిడ పిండి గిన్నె పక్కనే మడిచి ఉంది. ఆవిడ దాన్ని తీసి చూపిస్తే నా పని సరి. మూడు నెలల్లో సన్మానం, శాలువా, అందరి ముందు నాలుగు మంచి మాటలు. ఇవన్నీ ఆ మడత కాగితంలో ఉన్నాయనిపించింది. చూస్తుండగానే ఆవిడ కాగితం తీసి పొయ్యిలో పెట్టేసింది.

ఎండీ తిరిగొచ్చాడు. “ఎవరు చెప్పమన్నారు నిన్ను?”

“ఎవ్వరు చెప్పలే సార్. నాకే నోట్లకొచ్చింది, అనేసిన” అంది ఆవిడ.

“పెద్దవాళ్ళ ముందు పరువు తీశావు. రేపట్నుంచి రావద్దు.”

నేను నోరు తెరిచాను. నిజంగా తెరిచాను, దీనికి పడవ మనిషి సాక్షి, తడి లుంగీతో అక్కడే నిలబడి ఉన్నాడు. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: “ఎండీ గారూ, తర్వాత గోవా అండీ, అటువైపు.”

అందర్నీ గోవాకు తీసుకెళ్ళాను. వెనక్కి తిరిగి చూడలేదు.

మర్నాడు చెబుదామనుకున్నాను. ఆ మర్నాడు ఎండీ మహా సంతోషంగా ఉన్నాడు. బృందం ఒప్పుకుంది. మిగతా ఏజెంట్లకు ఎడారిలో కొబ్బరిచెట్లే తెగ నచ్చాయట, ఇంకెక్కడా దొరకని ఫొటో అన్నారట. సంతోషంగా ఉన్న మనిషిని ఎందుకు పాడుచేయడం, వారం ఆగి చెబుదామనుకున్నాను. వారం తర్వాత కార్డులు వచ్చాయి. పడవ మనిషి తన కార్డు తిప్పి తిప్పి చూసుకుని, “అక్క పేరు లేదేంది సారు?” అని అడిగాడు. “చూద్దాం” అన్నాను. ఆవిడ ఇల్లు పార్కు గోడకు అవతలి పల్లెలోనే. మా ఆఫీసు బస్సు పొద్దునా సాయంత్రం ఆ మలుపు మీదుగానే పోయేది. ఆ మలుపు వచ్చినప్పుడల్లా నేను పేపరు విప్పి చదివేవాణ్ణి.

ఆవిడ స్థానంలో అసలైన రాజస్థానీ కావాలని ఎండీ పట్టుబట్టాడు. గగన్‌పహాడ్ వైపు ఒక పాలరాతి దుకాణంలో పనిచేసే మనిషి దొరికాడు. వాళ్ళ తాతగారు అక్కడి నుంచి వచ్చారు. ఇతను పుట్టింది, పెరిగింది, అలిగింది అంతా హైదరాబాదులోనే. తలపాగా కట్టడం నేనే నేర్పాల్సి వచ్చింది, అదీ క్యాలెండరు చూసి. రొట్టె చేయడం అతనికి అసలే రాదు.

మూడు నెలలూ గడిచాయి. సన్మానం చేశారు. “భారతదేశమంతా మనకు చూపించిన మహానుభావుడు” అని ఎండీ మైకులో అన్నాడు. శాలువా కప్పారు. మా దంపతులిద్దరికీ రాజస్థాన్ యాత్రకు టిక్కెట్లు బహుమతి. మా ఆవిడ ఇంటికి రాగానే పెట్టె దించి దుమ్ము దులిపింది. “ఇన్నాళ్ళకు మీరు రాసిన ఊళ్ళు చూస్తాం” అంది పాపం, ముచ్చటపడుతూ. ఇంతకాలం ఎవరికీ చెప్పని రొట్టెల ఆవిడ సంగతి ఆ రాత్రి మా ఆవిడకు చెప్పేశాను. ఆవిడ విని, పెట్టె మళ్ళీ అటక మీద పెట్టింది. “ముందు వెళ్ళాల్సిన చోటికి వెళ్ళి రండి” అంది.

రొట్టెల ఆవిడ శ్రీశైలం రోడ్డు మీద, తుక్కుగూడ దగ్గర, చిన్న రేకుల షెడ్డు వేసుకుందని పడవ మనిషి ఫోనులో చెప్పాడు. వెళ్ళేముందు క్షమాపణ కాగితం మీద రాసుకున్నాను. అలవాటైపోయింది కదా. మొదటి ప్రతిలో ‘హృదయపూర్వక’ అని మూడుసార్లు వచ్చింది. కొట్టేసి మళ్ళీ రాశాను. రెండో ప్రతిలో ‘పరిస్థితుల ప్రభావం’ వచ్చింది. అదీ కొట్టేశాను. మిగిలింది రెండు వాక్యాలు. జేబులో పెట్టుకుని అత్తాపూర్‌లో బస్సెక్కి, ఆరాంఘర్‌లో ఇంకోటి మారి వెళ్ళాను.

షెడ్డు ముందు కార్లు ఆగి ఉన్నాయి. ఆవిడ మామూలు చీరలో, రెండు పొయ్యిల మధ్య కూర్చుని రొట్టెలు కొడుతోంది. నేను పక్కన నిలబడి ఉండగానే మా పార్కు వ్యాను వచ్చింది. డ్రైవరు దిగి, గుడ్డలో చుట్టి ఉంచిన రొట్టెల దొంతర తీసుకుని, ‘రేపు ఇంకో పది ఎక్కువ కావాలక్కా’ అని వెళ్ళిపోయాడు. మా అసలైన రాజస్థానీ గుడిసెలో అతిథులు తినేవి ఇవేనన్నమాట. నాకు నవ్వు రావాల్సిన చోట నవ్వు రాలేదు.

“అయ్యో, సారు! గట్ల నిలవడ్డరేంది, కూసోండ్రి” అంది ఆవిడ నన్ను చూసి. స్టూలు చూపించింది. పళ్ళెంలో రొట్టె, పచ్చిమిరపకాయల తొక్కు పెట్టింది. నేను కాగితం తీయలేకపోయాను. తీయకుండానే చెప్పాను.

“అమ్మా, ఆ ఊరు నేను పుట్టించిందే. ఆ రోజు నేను చెప్పాల్సింది. చెప్పకుండా నీ పని పోగొట్టాను. నాది తప్పు.”

ఆవిడ పిండి ముద్ద చేస్తూనే ఉంది. “నాకు తెల్వదా సారు. ఆ మేడమ్‌కు గూడ తెల్సు.”

“ఆవిడకెలా తెలుసు?”

“నేనే చెప్పిన. ఇది మా కౌలు పొలమే, జొన్న పండిచ్చినం, గా ఊరు మా సారు రాసిచ్చిండు అని చెప్పిన. మీ దిక్కు జూసింది. ‘ఈయన మొఖం జూడు బహెన్, ఇప్పుడు నిజం బయటవడితే ఇక్కడ్నే కూలవడేటట్టున్నడు. నువ్వే మీదేసుకో. నీ చేతిల పని ఉన్నది, యాడన్న బతుకుతవు. ఈయన చేతిల ఏమున్నది?’ అన్నది. నాకు గూడ నిజమే అనిపిచ్చింది. కాయితం పొయ్యిల వెట్టిన.”

నన్ను తిట్టుకుంటున్నారని ఇన్ని నెలలు అనుకున్న మాటలు అవి. తిట్టినా ఇంత తగిలేది కాదు. తల కొట్టేసినట్టయింది. కార్డు సంగతి, వాళ్ళ అమ్మాయి సంగతి అడగడానికి మొహం చెల్లలేదు. ఆవిడే చెప్పింది. పిల్ల రెండు నెలలు చదువు ఆపి ఇక్కడ చేయి సాయం చేసిందట, మళ్ళీ ఈ మధ్యనే కాలేజీకి వెళుతోందట.

“నామీద కోపం రాలేదా అమ్మా?” అన్నాను.

“ఎందుకు రాదు? శాన వచ్చింది.” పెనం మీద రొట్టె తిప్పింది. అప్పుడు తలెత్తి నా కళ్ళల్లోకి చూసింది. “గా దినం మీరు భయపడ్డరు. సరే, మనిషన్నంక భయమైతది, దానికి నేనేమనలే. మర్నాడు భయం లేకుండె గద సారు. మా ఇల్లు మీ బస్సు పొయ్యే తొవ్వల్నే ఉండె. పొద్దుగాల, పొద్దుమూకి, ఆ మూల మీద నిలవడి జూసిన. మీ బస్సు రోజూ పోయింది. మర్నాడెందుకు రాలే?”

దేశంలోని అన్ని ఊళ్ళ గురించీ రాసినవాణ్ణి. జేబులోని కాగితంలో ఆ ‘మర్నాడు’ గురించి ఒక్క ముక్కా రాసుకోలేదు.

ఆవిడ నా పళ్ళెంలో ఇంకో రొట్టె వేసింది.